పిలుపులకు తిరిగే ఆడమనిషి

నిరంజన్ పరువు తీయడానికి నేను పెద్ద కుట్ర పన్నానని కరీంనగర్‌లో కొందరు చెప్పుకుంటున్నారు. అబద్ధం. నేను చేసిందల్లా ఏమీ చేయకపోవడమే. అదెంత పెద్ద పనో తెలియాలంటే అంతకు ముందు నేనేం చేసేదాన్నో చెప్పాలి.

హైదరాబాదులో ఒక ట్రస్టు ఉంది. ఏటా మా వైపు చిన్న ఊళ్ల నుంచి యువతను ఏరి కరీంనగర్‌లో నాయకత్వ శిక్షణ ఇస్తుంది. మైకు ముందు తడబడకుండా మాట్లాడటం, ఆఫీసర్ల ముందు వంగకుండా నిలబడటం, పదిమందిని కూడగట్టడం నేర్పుతారు. ఆఖరి రోజు అందరూ కావలించుకుని ఏడుస్తారు. బస్సెక్కాక ఎవరికి ఎవరూ ఉండరు. మాది మొదటి బ్యాచ్. శ్రీరాంపూర్ బొగ్గుబాయి కార్మికుల పిల్లలు, ఆదిలాబాద్ పత్తి రైతుల పిల్లలు, వేములవాడ దగ్గర సాంచాల మీద బట్ట నేసే ఇళ్ల పిల్లలు అందరం అట్లాగే ఏడ్చి విడిపోయాం. నేను సాంచాల ఇంటి పిల్లను. పేరు వనిత.

పాత బ్యాచుల వాళ్లు విడిపోకుండా ఉండాలని ట్రస్టు ఒక వాట్సాప్ గ్రూపు పెట్టింది. దాంట్లో గుడ్ మార్నింగులు, దేవుడి బొమ్మలు తప్ప ఏమీ రాలేదు. మొదటి కలయికకు నలుగురొచ్చారు. అందులో ఇద్దరు భోజనం కోసం వచ్చారు.

ఆ సంగతి చెప్తే మా అవ్వ నవ్వింది. "ఫోన్ల జెప్తె ఎవలొస్తరే? బొట్టు వెట్టి పిలిస్తె వస్తరు గని" అంది.

మా దిక్కు పద్ధతి అది. పెళ్లయినా, పండుగయినా ఇంటికి వెళ్లాలి, ఇంట్లో ఆడమనిషి నుదుట బొట్టు పెట్టాలి, ఫలానా రోజు రమ్మని నోటితో చెప్పాలి. ఎంత ఖరీదైన కార్డు పంపినా అది పిలుపు కాదు. నేను కుంకుమ భరిణె సంచిలో వేసుకుని బయలుదేరాను. ఒక్కొక్క బ్యాచ్ వాళ్ల ఇల్లూ వెతికి, తల్లికో భార్యకో బొట్టు పెట్టి పిలిచాను. భర్త లేని వాళ్లకూ పెట్టాను. మొదట్లో దానికి సణిగారు. తర్వాత ఆ ఇళ్ల వాళ్లే అందరికంటే ముందు వచ్చారు. తల్లి బొట్టు పెట్టించుకున్నాక కొడుకు రాక ఎక్కడికి పోతాడు?

ఏడాది తిరిగేసరికి హాలు నిండింది. ఒకసారి కూర్చుని కలిసి తిన్నవాళ్లు కష్టంలో ఫోన్లు ఎత్తడం మొదలుపెట్టారు. సుల్తానాబాద్ కుమారస్వామి తల్లికి రక్తం కావాలంటే శ్రీరాంపూర్ ప్రణయ్ బండేసుకుని వచ్చి ఇచ్చాడు. ఆదిలాబాద్ సంపత్ చెల్లెలికి కరీంనగర్ హాస్టల్లో సీటు దొరక్కపోతే, అక్కడే ఉండే మా స్పందన వార్డెన్‌తో పోట్లాడి ఇప్పించింది. ఎవరింట్లో చావయినా పుట్టుకయినా నేను పోయేదాన్ని. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయ్యాక నా కాలు ఇంట్లో నిలిస్తే ఒట్టు.

శ్రీరాంపూర్ వెళ్తే దుర్గవ్వ ఇంట్లోనే పడుకునేదాన్ని. ఆమె నిరంజన్ తల్లి. భర్త మొండయ్య బాయి దిగుతాడు, కాలనీలో క్వార్టర్. నేను వస్తున్నానని తెలిస్తే జొన్నరొట్టెలు చేసి, పుంటికూర నూరి, ఎంత పొద్దుపోయినా నేను తినేదాకా తను తినేది కాదు.

ఇక నిరంజన్. మా బ్యాచే, నాకంటే చిన్నవాడు. నోరు మంచిది, కాలు మాత్రం గడప దాటదు. పోయినేడు ట్రస్టు హైదరాబాదులో పెద్ద సభ పెట్టింది. అన్ని జిల్లాల్లో పాత బ్యాచులు చెదిరిపోతుంటే ఉత్తర తెలంగాణలో మాత్రం ఎట్లా నిలబడ్డాయో చెప్పమంది. మాట్లాడటం వచ్చినవాడని నిరంజన్‌ను నేనే పంపాను. వాడు తెర మీద బొమ్మలు వేసి, గీతలు గీసి, ఇదంతా తాను ఆలోచించి కట్టిన పద్ధతి అని చెప్పాడు. మరి ఊళ్లలో తిరిగేదెవరని ఒకాయన అడిగితే, "పిలుపులకు తిరిగే ఒక ఆడమనిషి ఉందండీ" అన్నాడు. పట్నం భాషలో అన్నాడు. అందరూ నవ్వారు.

సభకు వెళ్లిన స్పందన ఆ వీడియో నాకు పంపింది. వెంటనే నిరంజన్‌కు ఫోన్ చేశాను.

"అక్కా, గది మాటవరుసకు అన్న. జర పెద్ద మనసు చేస్కో" అన్నాడు.

నెల తిరక్కుండానే వాణ్ని కన్వీనర్ చేశారు. శుభాకాంక్షలతో గ్రూపు నిండిపోయింది. నేనూ ఒక మాట రాశాను: "తమ్మీ, గా ఆడమనిషికి పేరున్నదా?" కాసేపటికి నన్ను గ్రూపులోంచి తీసేశాడు.

ఆ రోజు మా అవ్వ పక్కన కూర్చుని ఏడ్చాను. ఏడుపు అయిపోయాక మొహం కడుక్కుని, వీడి సంగతి చూడాలనుకున్నాను. దాచడమెందుకు, పగ పట్టాను.

ఎంతో కాలం ఆగాల్సిన పని పడలేదు. ట్రస్టుకు సాయం చేసే పెద్దలు కరీంనగర్ వచ్చి మా కూటమిని కళ్లారా చూస్తామన్నారు. హాలు నిండితే నిరంజన్‌కు రాష్ట్రమంతా చూసే ఉద్యోగం. వాడు గ్రూపులో మెసేజ్ పెట్టాడు. మూడొందల మంది బొటనవేళ్లు ఎత్తారు. ఆ వేళ్లను చూసి వాడు మూడొందల మందికి బగారన్నం చెప్పాడు. ఆ వేలికి అర్థం 'చూశాను' అనే గానీ 'వస్తాను' అని కాదు. మా అవ్వకు కూడా తెలిసిన ఆ సంగతి కన్వీనర్ గారికి తెలియలేదు. నన్ను అడగడానికి వాడికి నామోషీ.

నేను ఎవరినీ పోవద్దనలేదు. మా వాళ్లలో పోశవ్వ భర్త పోతే పలకరించడానికి సుల్తానాబాద్ వెళ్లాను. అక్కడ కుమారస్వామి అడిగాడు. "అక్కా, నిరంజన్ మీటింగుకు అందరం పోవుడేనా?"

"నాకేం ఎరుక తమ్మీ. నన్నైతే పిలువలే" అన్నాను.

అంతే. అంతకు మించి ఒక్క ముక్క అంటే నా నోరు పడిపోవాలి. పిలుపులు మోసే మనిషికే పిలుపు లేని చోటికి ఎవడు పోతాడు? ఆ మాట నాకంటే ముందే ఆదిలాబాద్ చేరింది.

మీటింగు రోజు హాలుకు ఎదురుగా ఉన్న హోటల్లో కూర్చున్నాను. పూల దండలు వచ్చాయి, కార్లు వచ్చాయి, కోటు వేసుకుని నిరంజన్ వచ్చాడు. మనుషులు రాలేదు. వాడు గేటు దాకా రావడం, రోడ్డు చూడడం, మళ్లీ లోపలికి పోవడం. చివరికి నా ఫోన్ మోగింది.

"అక్కా, ఎవ్వలు రాలే. జర నువ్వు ఫోన్లు జెయ్యవా? నా బతుకు ఆగమైతది."

"గ్రూపుల పెట్టు తమ్మీ. నన్నైతే అండ్లకెల్లి తీసేసినవ్ గదా" అని పెట్టేశాను.

అంత రుచిగల ఛాయ్ నేను మళ్లీ తాగలేదు. కార్లు తిరిగి పోయేదాకా కూర్చుని, ఇంకొకటి తెప్పించుకుని మరీ తాగాను.

ఊళ్లు తిరిగి హాలు నింపిందెవరో ట్రస్టుకు తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు. నిరంజన్‌ను తీసేసి, మా ఇంటికొచ్చి నన్ను కన్వీనర్‌గా ఉండమన్నారు. పెద్దలు ఇంకొక్కసారి వస్తారట. ఈసారి కూడా హాలు నిండకపోతే మా వైపు శిక్షణే ఎత్తేస్తారట. హాలు నింపడం నాకో లెక్కా అనుకున్నాను. భరిణె తీసుకుని బయలుదేరాను.

పగ అక్కడితో చల్లారాల్సింది. చల్లారలేదు. నిరంజన్ తలదించుకుని శ్రీరాంపూర్ చేరాడని విన్నా నాకు తృప్తి కలగలేదు. వాడు నాతో ఒక్క మాట కూడా అనలేదు. తప్పయిందక్కా అని ఉంటే ఏం చేసేదాన్నో తెలియదు. అనలేదు కాబట్టి ఇంకా ఏదో చేయాలనిపించింది.

శ్రీరాంపూర్ కాలనీలో ఒకే వరుసలో మా వాళ్ల ఇళ్లు చాలా ఉన్నాయి. మొదటి మూడిళ్లు పిలిచాను. నాలుగోది దుర్గవ్వది. నేను వస్తున్నానని ఎవరు చెప్పారో, వాకిట్లో చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడి ఉంది. ఉతికిన చీర కట్టుకుంది.

"రా బిడ్డా. కాళ్లు కడుక్కో. రొట్టెలు జేసిన" అంది.

నేను గేటు బయటే ఆగాను. "లేదవ్వా, ముందటికి పోవాలె."

ఆమె నా చేతిలో భరిణె వైపు చూసింది. "వాడు జేసింది తప్పే. నేను గాదనను. వాడిని పిలువకు. నాకు బొట్టు వెట్టవా?"

"మీ ఇంటికి గ్రూపుల మెసేజ్ వస్తదవ్వా. మీ కొడుకును సూస్కొమ్మను" అన్నాను. ఎన్ని నెలలుగా నోట్లో నూరుకున్న మాటో అది.

"నాకు ఫోన్ల సదువరాదు గద బిడ్డా" అంది దుర్గవ్వ.

కోపంగా అనలేదు. నిజంగానే నేను మరిచిపోయాననుకుని గుర్తుచేసినట్టు అంది. చెంబు కింద పెట్టి లోపలికి వెళ్లింది. నేను కాళ్లు ఆపలేదు.

పక్కిల్లు రోజారాణిది. నా తర్వాతి బ్యాచ్. నేనంటే ప్రాణం పెడుతుంది. వాకిట్లోనే నిలబడి అంతా చూసింది. నేను కుంకుమ వేలికద్దుకుని దగ్గరికి వెళ్లాను. ఆమె ఒకడుగు వెనక్కి వేసింది.

"వరుసల ఒక ఇల్లు ఇడిచిపెట్టి నా ఇంటికి వస్తివి. నేనెట్ల బొట్టు వెట్టించుకుంట అక్కా?"

"నిరంజన్ నన్నేమన్నడో నీకు ఎరుకే గదా" అన్నాను.

"ఎరుకే. అందుకనే గా దినం మేమెవ్వలం పోలే. గీ ముసలవ్వ నిన్నేమన్నది?"

వరుస పొడుగునా ఆడవాళ్లు వాకిళ్లలోకి వచ్చి నిలబడ్డారు. నేను బొట్టు పెట్టిన మూడిళ్ల వాళ్లు కూడా. అందులో ఒకామె నా వైపే చూస్తూ, కొంగుతో మెల్లగా నుదురు తుడుచుకుంది.