టోఫులోంచి తీసిన సూది

ఒక్క సూది ఎనిమిది వేల యెన్‌లా! ఆ ధర విన్నప్పుడల్లా ఒగివారా పగలబడి నవ్వేవాడు. ఇప్పుడు ఎంతిస్తానన్నా అమ్మే మనిషి లేడు.

జపాన్‌లోని గ్యోద ఊళ్ళో తాబీలు కుట్టే కొట్టు ఒగివారాది. బొటనవేలికి విడిగా గది ఉండే తెల్ల గుడ్డ మేజోళ్ళవి. వాటి వేళ్ళ దగ్గర సన్నని ముడతలు పెట్టి కుట్టాలంటే నూరేళ్ళనాటి జర్మనీ మిషనే కావాలి, దాని మీద హిసానో చెయ్యే పడాలి. నలభై ఒక్క ఏళ్ళుగా ఆ కుర్చీ ఆమెదే. ఆ మిషనుకు పట్టే సూదులు చెయ్యడం కంపెనీలు ఏనాడో మానేశాయి. పక్క ఊరి కాన్‌జీ ఒక్కడే ఒక్కొక్కటీ చేత్తో సానబట్టి చేసేవాడు. మొన్న డిసెంబరులో ఆయనా పోయాడు.

ఫిబ్రవరి ఏడున కొట్లో మిగిలిన ఆఖరి సూది వంగిపోయింది.

"ఉత్సవంలో ఆడే బడిపిల్లల తాబీలు ఇంకా పద్నాలుగు జతలు కుట్టాలి పిన్నీ. ఎల్లుండి బండొస్తుంది," అన్నాడు ఒగివారా. "ఇవ్వలేకపోతే ఈ ఇనప్పీనుగను తుక్కుకి వేసేస్తా."

"మరి నేనో, బాబూ?"

"నువ్వు మాత్రం ఇంకెన్నాళ్ళు కష్టపడతావులే!"

ఎంత తియ్యగా అన్నాడో! ఆ తియ్యదనంలోనే తన కుర్చీ పోయినట్టేనని హిసానోకు తెలిసిపోయింది.

మర్నాడు సూదులకు సెలవు. ఆ రోజు ఊళ్ళో ఎవరూ సూది ముట్టరు. విరిగినవీ వంగినవీ గుడికి తెచ్చి జున్నుముక్కలా మెత్తని టోఫు దిమ్మలో గుచ్చి, ఏడాదంతా గట్టి గుడ్డలతో అవస్థ పడ్డారు, ఇక హాయిగా పడుకోండి తల్లీ అని దండం పెడతారు. హిసానో కూడా వంగిన సూది పట్టుకెళ్ళింది. వరసలో ఆమె ముందు కాన్‌జీ భార్య యాసుయో ఉంది. యాసుయో పొట్లం విప్పగానే హిసానో ముందుకు వంగి చూసింది. అయిదు సూదులు! తళతళలాడే కొత్త సూదులు, తన మిషనువే.

"అక్కా, ఆగాగు! అవి విరగలేదు కదా!"

"చేసినాయన విరిగిపోయాడుగా," అంటూ యాసుయో ఒక్కొక్కటే గుచ్చింది.

"ఎనిమిది వేలూ నేనిస్తా. నా సొంత డబ్బు."

"ఆయన ఈ సూదులే పట్టుకుని మీ గుమ్మంలో మూడుసార్లు చలికి వణుకుతూ నిలబడ్డాడే, అప్పుడెక్కడున్నాయమ్మా ఆ డబ్బులు? ఇక ఇవి నావీ కావు, నీవీ కావు. ముట్టుకోకు."

మంచు పడేలా ఉందని జనం త్వరగా ఇళ్ళకు పోయారు. హిసానో పోలేదు. అటూ ఇటూ చూసి ఒక సూది లాగేసింది. క్షమించమని దండం పెట్టడానికి కూడా చేతులు రాలేదు పాపం.

ఆ మధ్యాహ్నమే కొట్టు తలుపులు వేసుకుని మిషను నడిపింది. దాని దబదబలు దాగుతాయా! ఎదురింటివాళ్ళు కిటికీ దభాలున మూసేశారు. కుట్టు మాత్రం వెన్నలా సాగింది. ఇంత నున్నగా పడి ఎన్నేళ్ళయిందో! అందుకే ఆమెకు భయమేసింది.

"సూది ఎక్కడిది పిన్నీ?" అన్నాడు మర్నాడు ఉదయం ఒగివారా.

"పాత డబ్బా అడుగున దొరికింది."

ఆఖరి జతకు చివరి కుట్టు పడుతుండగా టక్కుమంది. సూది విరిగింది.

విరిగితే ఆ కొట్లో ఒక పద్ధతుంది. ముక్కలన్నీ తెల్లకాగితం మీద పేర్చి యజమానికి చూపించాలి. ఒక్క ముక్క దొరక్కపోయినా, అది ఎవరి కాలిలోనో దిగుతుందని, ఆ సూదితో కుట్టిన సరుకంతా తగలబెట్టాలి. హిసానో అయస్కాంతం పట్టుకుని నేలంతా వెతికింది, మిషను సందులూ ఒళ్ళో గుడ్డా దులిపింది. నూకగింజంత మొన మాత్రం ఎక్కడా లేదు. మిషను పక్కనే నోళ్ళు తెరుచుకున్న పదమూడు జతలతో బుట్ట ఉంది. ఒక్కొక్క తాబీనీ అయస్కాంతానికి తాకించి చూడడం మొదలుపెట్టింది. అయిదో జతకు బయట బండి హారను మోగింది.

ఒగివారా వచ్చి చేతిలోదీ ఒళ్ళోదీ లాక్కుని బుట్టలో పడేశాడు. "అన్నీ అయ్యాయా? సూది బాగానే ఉందిగా పిన్నీ?"

చెప్పెయ్, చెప్పెయ్ అని ప్రాణం కొట్టుకుంది. చెబితే సరుకు మంటల్లోకి, మిషను తుక్కులోకి, తను వీధిలోకి.

"ఉంది బాబూ."

"అయితే వచ్చే ఏడూ ఆ కుర్చీ నీదే!"

బండి మలుపు తిరిగింది. హిసానో కుర్చీలో కూలబడి, కళ్ళు మూసుకుని, చిన్ని చిన్ని పాదాలను లెక్కపెట్టసాగింది. ఉత్సవానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి.