ఎవరి కేకు వాళ్లే కోసుకోవాలి

మా ఉట్రెక్ట్ బీమా కంపెనీలో రైనౌట్‌ను అందరం గురువు అనేవాళ్లం. పేరులోనే ‘ఔట్’ ఉన్నా, ఏళ్ల తరబడి ఔటయింది మాత్రం ఇతరులే. పనుల్ని చవక దేశాలకు, ముఖ్యంగా మా క్రాకవ్ ఆఫీసుకు, తరలించడంలో ఆయన దిట్ట. దాన్ని పొరుగుసేవ అంటారు. సేవ పొరుగువాళ్లది, పరుగు మాది.

ఆయన పద్ధతి ఒకటుంది. ఏ విభాగాన్ని ఎత్తెయ్యాలో అందులో పని బాగా తెలిసిన మనిషిని పిలిచి, “నీ అనుభవం వృథా కాకూడదు. క్రాకవ్ వాళ్లకి నువ్వే మార్గదర్శివి” అనేవాడు. ఆ మనిషి పొంగిపోయి, ఉన్నదంతా నేర్పేసేది. నేర్పడం పూర్తికాగానే మార్గదర్శికి మార్గం చూపించేవాడు. ఆ మార్గం నేరుగా సైకిళ్ల షెడ్డుకి, అక్కణ్నుంచి ఇంటికి.

క్లెయిముల విభాగం నెల్లెకె అలాగే వెళ్లింది. మా దేశంలో పుట్టినరోజైనా, పదోన్నతి అయినా, వీడ్కోలైనా ఎవరి కేకు వాళ్లే తెచ్చి అందరికీ కోసి పెట్టాలి. నెల్లెకె కత్తి పట్టుకుని తన వీడ్కోలు కేకు కోస్తోంది.

“ముక్కలు సన్నగా కొయ్యి నెల్లెకె, ఇంకా జనం వస్తున్నారు” అన్నాడు రైనౌట్. తర్వాత పక్కనున్న శిష్యురాలు లీస్‌బెత్ వైపు వంగి, “చూశావా? మనం కత్తి పట్టనక్కర్లేదు” అన్నాడు.

“ఏడిస్తేనో గురూ?”

“రుమాలియ్యి. సలహా మాత్రం ఇవ్వకు. సలహా ఇచ్చావో, రేపట్నుంచి ఫోన్లే ఫోన్లు.”

లీస్‌బెత్ చురుకైన పిల్ల. చూస్తూండగానే గురువును దాటి కంపెనీకే అధిపతి అయింది. డైరెక్టరు కుర్చీ ఒకటి ఖాళీ అయితే, రైనౌట్ కళ్లన్నీ దానిమీదే. అరవైకి దగ్గరపడ్డ మనిషి. ఇది తప్పితే ఈ ఊళ్లో ఆయనకి స్టూలు కూడా ఎవరూ వెయ్యరు.

ఒక రోజు మా అందరి ముందూ ఆమె అంది: “గురూ, నీ అనుభవం వృథా కాకూడదు. క్రాకవ్ వాళ్లకి నువ్వే మార్గదర్శివి.”

తను వండిన కూర తనకే వడ్డిస్తే వాసనైనా పట్టలేదు మహానుభావుడు! మధ్యాహ్నం జున్ను రొట్టె తింటూ నేనే కదిపాను.

“రైనౌట్, ఆ మాట నీదే కదా?”

“నాదేనోయ్! అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. శిష్యురాలంటే అలా ఉండాలి.”

“నెల్లెకెకి చెప్పింది కూడా అదే మాట.”

“నెల్లెకెది ఉద్యోగం. నాది నాయకత్వం. నాయకత్వాన్ని ఎవడు తరలిస్తాడోయ్? నువ్వా రొట్టె తిను.”

పాపం, కోతలు కోసేవాడికి కోత కనపడదు.

మొదట్లో క్రాకవ్ నుంచి గంట గంటకీ ఫోన్లొచ్చేవి. లీస్‌బెత్ ముఖం చిట్లించింది. “శిష్యుడికి సందేహం మిగిలితే గురువు ఫెయిలైనట్టే అనేవాడివిగా గురూ? పై కుర్చీకి అదే పరీక్ష అనుకో.” దాంతో ఆయన ఏదీ దాచుకోలేదు. ఏ ఏజెంటు అబద్ధమాడతాడు, ఏ లాయరు రాజీకొస్తాడు, కోపంతో వచ్చిన పాలసీదారుణ్ణి మొదట ఏ మాటతో చల్లబరచాలి, సమస్తం కక్కేశాడు. ఫోన్లు పలచబడ్డాయి. ఆఖరికి ఓ వారం ఫోను మూగబోయింది.

లీస్‌బెత్ అందర్నీ సమావేశానికి పిలిచింది. రైనౌట్ కొత్త టై కట్టుకుని, ఊళ్లో మంచి బేకరీ నుంచి మీగడ వేసిన ఆపిల్ కేకు తెచ్చాడు. ఎవరూ తెమ్మనలేదు. శుభవార్త తనదే కాబట్టి కేకూ తనదే అనుకున్నాడు. అందరం చుట్టూ చేరాం. గోడమీద తెరలో క్రాకవ్ బృందం కూడా నవ్వుతూ కూర్చుంది.

“అరె, కేకు కూడా తెచ్చేశావా? నా పని తేలిక చేశావు” అంది లీస్‌బెత్. “అందరూ వినండి. ఇవాళ్టితో రైనౌట్ మనల్ని వదిలి వెళ్తున్నాడు.”

ఆయన పకపకా నవ్వాడు. “ఎక్కడికీ, పై అంతస్తుకేగా?”

“ఇంటికి గురూ. నీ పనంతా ఇక క్రాకవ్‌దే.”

నవ్వు ముఖం మీదే ఎండిపోయింది. “వాళ్లకి... వాళ్లకి సందేహాలొస్తే? నన్నడక్కుండా ఎలా?”

లీస్‌బెత్ తెరవైపు తిరిగింది. “బొగూమీవా, ఏమైనా సందేహాలున్నాయా?”

“ఒక్కటీ లేదండీ” అంది ఆ అమ్మాయి మనస్ఫూర్తిగా. “సారు అంత బాగా నేర్పారు!”

చప్పట్లు కొట్టాం. తర్వాత ప్లేట్లు పట్టుకుని వరసలో నిలబడ్డాం. కేకు ఎదురుగా ఉంది మరి.

“ముక్కలు సన్నగా కొయ్యి గురూ. ఇంకా జనం వస్తున్నారు.”

రైనౌట్ కోశాడు. సగం కేకు అయ్యేసరికి కళ్లు తడిశాయి. లీస్‌బెత్ రుమాలిచ్చింది. సలహా మాత్రం ఇవ్వలేదు.