చిన్న ఇంజిన్

మా ఆయన వాళ్లన్న డెల్మార్ దృష్టిలో పెట్రోలు బండి, అందులోనూ చిన్న ఇంజిన్‌ది, పిల్లల్ని బడిలో దింపడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. అలాంటి నా బండికే ఆరు ఆవులున్న ట్రైలర్‌ని తనే తగిలించి, నా పక్క సీట్లో కూర్చున్నాడు. మా వయోమింగ్‌లో ఒకరు తగిలించిన ట్రైలర్‌ని ఇంకొకరు వెనక్కెళ్లి చూస్తే అవమానించినట్టే. అందుకే నేను చూడలేదు.

కొండ ఎక్కుతున్నంతసేపూ ఇంజిన్ అరుస్తూనే ఉంది, డెల్మారూ అరుస్తూనే ఉన్నాడు.

"పెద్దది కొనమంటే విన్నావా, వెర్నా? ఇదిక్కడే చస్తుంది చూడు."

చావలేదు. పైకి చేరాం.

"సరే, లాగిందిలే," అన్నాడు, చేదు మాత్ర మింగినట్టు మొహం పెట్టి.

దిగుడు మొదలైంది. బ్రేకు తొక్కితే ట్రైలర్ ఆగలేదు సరికదా, వెనకనుంచి మమ్మల్ని తోసింది. మళ్లీ తొక్కేసరికి కాలిన వాసన వచ్చింది. ముందు మలుపు, పక్కన లోయ.

"తొక్కు, వెర్నా, తొక్కు!"

"నోర్మూసుకోండి బావగారూ!"

గేరు ఒక్కొక్కటే తగ్గించాను. ఇంజిన్ గావుకేక పెట్టింది, కానీ బండిని పట్టి ఉంచింది. మలుపులన్నీ నత్తనడకన దిగి, చదును నేల మీద ఆపాను.

దిగి వెనక్కెళ్లి చూస్తే, ట్రైలర్ బ్రేకులకి కరెంటిచ్చే ప్లగ్గు బండికి పెట్టకుండానే దుమ్ముకొట్టుకుని వేలాడుతోంది. ఆయనా చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"అదే పెద్ద ఇంజినైతే..."

"అదైనా తన ప్లగ్గు తను పెట్టుకోదు," అన్నాను.