ఆముదం పొగ

పెళ్లయి వచ్చిన కొత్తలో రోహిణికి ఉక్కు కర్మాగారం ఊళ్లోని ఆ బర్మామైన్స్ పేట ఇంట్లో అన్నీ ముద్దుగానే కనిపించేవి. షిఫ్టు సైరను మోగగానే గోడ మీది పిల్లి ఒళ్లు విరుచుకోవడం ముద్దు. వీధిలో హిందీ, గడప దాటగానే శ్రీకాకుళం మాట, అదీ ముద్దే. అత్తగారి ముందు మొగుణ్ణి మీరని మన్నించి, వెనక వసారాలోకి వెళ్లగానే నువ్వని పిలవడం అన్నిటికన్నా ముద్దు. ఆ వసారాలోనే గోనెపట్టాల మీద ఆమె మామగారి మోటారుసైకిలు ముక్కలు ముక్కలుగా పడి ఉండేది.

మామగారు పోలరాజును ఆమె ఫొటోలోనే చూసింది. ఉక్కు కర్మాగారంలో క్రేను నడిపి, సెలవు రోజుల్లో బండి పందేలకు వెళ్లిన మనిషి. రెండేళ్ల కిందట జబ్బుచేసి మంచం మీదే పోయాడు. ఆయన మిగిల్చిందల్లా ఈ ఆర్‌ఎక్స్ హండ్రెడ్, రెండు స్ట్రోకుల పాత బండి. కొడుకు గౌరీశంకర్ దాన్ని విప్పి మళ్లీ కట్టాలనీ, ఆదిత్యపూర్ అవతల మూతబడ్డ ఓ కార్ఖానా ఆవరణలో జరిగే ట్రాకు పోటీలో నడపాలనీ పట్టుబట్టాడు. డ్యూటీ దిగి రావడమే తరువాయి, వసారాలో కూర్చునేవాడు.

రోహిణి ఊరికే చూస్తూ కూర్చునే రకం కాదు. బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన పిల్ల. పెళ్లికి వచ్చిన స్టీలు గిన్నెల్లో పెద్దది తెచ్చి కార్బురేటర్ ముక్కలన్నీ అందులో పెట్రోలు పోసి నానబెట్టింది. సన్నటి తీగ దూర్చి ఒక్కొక్క రంధ్రాన్నీ వెలుతురుకు ఎత్తి చూసింది. గోరింటాకు పండిన వేళ్లకు గ్రీజు అంటితే ఆ రెండు రంగులూ చూసుకుని మురిసిపోయింది. సిలిండరును లేతు షాపుకు ఇచ్చి లోపలంతా బోరు చేయించారు. పిస్టను కొత్తది. పొట్ట ఉబ్బిన పొడుగాటి సైలెన్సరు కొత్తది. నూనె పంపు తీసేసి, పెట్రోల్లోనే టూ-స్ట్రోక్ నూనె కలిపి పోసే పద్ధతికి మార్చాడు గౌరీశంకర్. పోటీ బళ్లకు అదే వాడుకట.

ఓ సాయంత్రం బండి లేచింది. కిక్కు కొట్టగా కొట్టగా ఒక్కసారి దగ్గి, ఆపైన అందుకుంది. వసారా నిండా తెల్లటి పొగ. రోహిణి చప్పట్లు కొట్టబోయి ఆగింది. ఆ పొగలో ఆముదం వాసన. పసిపిల్లకు తలంటుతున్న గదిలో ఉండేలాంటి వెచ్చటి, కాస్త తియ్యటి వాసన. నవ్వొచ్చి, ఇదేం నూనె తెచ్చావని మొగుణ్ణి అడిగింది. అతను నవ్వలేదు. నాన్న ఆముదమే పోసేవాడని మాత్రం చెప్పాడు. పాతకాలం పందెపు అలవాటు అది. సందు మలుపులో మనిషి కనపడక ముందే వాసన వచ్చేదట.

వంటింట్లో గిన్నెల చప్పుడైంది. అత్తగారు జోగమ్మ కంచం దింపి, అన్నం వడ్డించి, పీట వాల్చింది.

"మీ మావ మలుపు తిరిగినాడు. బేగి నీళ్లెట్టే" అంది కోడలితో.

"మా, కుఛ్ నహీ హై. పాత తేల్ మిగిలుంటాది" అన్నాడు గౌరీశంకర్.

ఎక్కడ మిగులుతుంది? ప్రతి ముక్కా తన చేత్తో కడిగింది రోహిణి. సైలెన్సరు మీద దుకాణం వాళ్ల కాగితం ఇంకా పూర్తిగా ఊడనే లేదు.

ఆ తర్వాత ఇంజను లేచినప్పుడల్లా వాసన వచ్చేది, వాసన వచ్చినప్పుడల్లా జోగమ్మ కంచం పెట్టేది. మొగుడు పోయాక మాటలు మానేసిన మనిషి కాస్తా వంటింట్లో సన్నగా కూనిరాగం తీయడం మొదలుపెట్టింది. అదీ ముద్దుగానే ఉండేది రోహిణికి, ఒకసారి ఆ కంచం తీయడానికి వెళ్లేదాకా. అన్నం మధ్యలో గుండ్రంగా గుంట చేసి ఉంది, చారు పోసుకోవడానికి చేసుకునేలాంటి గుంట. జోగమ్మ అప్పటిదాకా వీధి అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తూ కూర్చునే ఉంది. రోహిణి ఎవరితోనూ అనకుండా కంచం కడిగేసింది.

కొత్త పిస్టనును కొన్నాళ్లు మెల్లగా నడిపి సానపట్టాలి. అందుకని పొద్దుటిపూట ఇద్దరూ సోనారి విమానాల మైదానం వైపు వెళ్లేవారు. మంచు ఇంకా విడవదు. అతని భుజం మీద గడ్డం ఆనించి, స్వెట్టరు జేబుల్లో చేతులు దూర్చి కూర్చునేది రోహిణి. అంత సుఖం లోకంలో ఎవరికీ ఉండదనిపించేది. అలాంటి ఓ పొద్దున ఇంజను శబ్దం మారింది. గొంతుకు ఏదో అడ్డం పడ్డట్టు బిగుసుకుంది. వెంటనే వెనక చక్రం నిలువునా పట్టేసి, టైరు కీచుమని రోడ్డును గీరింది. గౌరీశంకర్ ఎడమచేతి వేళ్లు అప్పటికే క్లచ్ మీదున్నాయి. గుంజాడు. చక్రం విడి, బండి తూలుతూ వెళ్లి గడ్డిలో ఆగింది.

ఇద్దరూ దిగారు. రోడ్డు మీది టైరు గీత చూపించి అడిగింది రోహిణి, ట్రాకు మీద ఇలా అయితే ఏమవుతుందని.

"అక్కడ క్లచ్ పట్టేంత టైముండదు" అన్నాడు అటు చూస్తూ.

ఇంటికి తెచ్చి ఇంజను విప్పారు. పిస్టను చుట్టూ గోధుమరంగు జిగురు, మామిడి తాండ్రలా అతుక్కుని ఉంది. రోహిణికి చూడగానే తెలిసింది, అతనికీ తెలుసు. ఆముదం పోస్తే ఆముదమే పోయాలి, దుకాణంలో దొరికే డబ్బా నూనె పోస్తే డబ్బా నూనే. ఆ రెండిటికీ పొసగదు. కలిస్తే ముద్దకట్టి పిస్టను పట్టేస్తుంది. డబ్బా నూనె పోసింది గౌరీశంకర్. మరి ఆముదం?

అతని అనుమానం తల్లి మీదికే పోయింది. ఇల్లంతా వెతికాడు. ఆముదం చుక్క లేదు. మొగుడు పోయాక జోగమ్మ ఆ నూనె ఇంట్లోకి రానివ్వలేదు. దేవుడి దీపం కూడా నువ్వుల నూనెతోనే. అయినా కోపంగానే నిలదీశాడు. ఆమె నొచ్చుకోలేదు. కొడుకు తెలివితక్కువతనానికి జాలిపడ్డట్టు చూసింది.

"నానెందుకు పోత్తాన్రా? ఆయన బండిలో ఆయనే పోసుకుంటాడు గానీ."

మళ్లీ అన్నీ కడిగారు. పిస్టను మార్చారు. టాంకును పెట్రోలుతో పుక్కిలించి, ఆరబెట్టి, కొత్తగా పెట్రోలూ డబ్బా నూనే కలిపి నింపారు. ఈసారి రోహిణి ఒక పరీక్ష పెట్టింది. ఆ కలిపిన దాన్నే ఓ గాజు సీసాలో పట్టి బిరడా బిగించింది. టాంకును పాత చీరలో చుట్టి, తమ గదిలో బీరువా అడుగున పట్టుచీరల పక్కన పెట్టి తాళం వేసింది. పట్టుచీరలకు పెట్రోలు వాసన పడుతుందని మొగుడంటే, పట్టనీ, ఎక్కడికి కట్టుకెళ్లినా నువ్వే గుర్తొస్తావంది. తాళంచెవి నడుముకు దోపుకుంది. స్నానానికి వెళ్లినా విడవలేదు.

మర్నాడు మధ్యాహ్నం టాంకు తీసి రెండో సీసా పట్టింది. రెండూ పిట్టగోడ మీద పక్కపక్కనే పెట్టింది. జనవరి చలికి ఆముదం పెట్రోల్లో నిలవదు, అడుక్కు దిగిపోతుంది.

తెల్లారి వెళ్లి చూస్తే మొదటి సీసా కడిగిన ముత్యంలా ఉంది. రెండోదాని అడుగున వేలెడు మందాన తేనెరంగు పొర.

పెట్రోల్లో నీళ్లు కలిసి ఉంటాయన్నాడు గౌరీశంకర్. రోహిణి పైది ఒంపేసి, అడుగుది వేలికి రాసుకుని, బొటనవేలితో తాకి విడదీసింది. సన్నటి తీగ సాగింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. తాళంచెవి ఇంకా నడుముకే ఉంది, ఒంటి వేడికి వెచ్చగా.

ఆ రోజంతా ఆమెకు ఇంట్లో ఇంకొకరు మసలుతున్నట్టే ఉంది. వసారాలోకి వెళ్తే ఎవరో అప్పుడే లేచి చోటిచ్చినట్టు. భయం ఉంది, కాదనలేం. కానీ భయపడుతూనే ఆలోచించింది. ఆయనకు కొడుకును చంపుకోవాలని ఎందుకుంటుంది? బతికుండగా ఏం చేశాడో అదే చేస్తున్నాడు. కొడుకు అప్పటికే వేరే నూనె పోశాడని ఆయనకు తెలియదు, అంతే. ఇద్దరూ ఒకే బండిని సాకుతున్నారు, ఒకరికి తెలియకుండా ఒకరు. ఆ రెండు ప్రేమల మధ్య నలిగి పోయేది మాత్రం తన మొగుడు.

సాయంత్రం వసారాలో అతని ఎదురుగా గోనెపట్టా మీద చతికిలబడింది. పోటీ మానమని అడుగుతుందనుకున్నాడేమో, ముందే తల అడ్డంగా ఊపాడు. ఊళ్లో అందరికీ ఇది పోలరాజు బండేనని, ఒక్కసారైనా తన బండి అనిపించుకోవాలని, అందుకే తన లెక్క, తన సైలెన్సరు, తన నూనె అని చెప్పుకొచ్చాడు. రోహిణి అంతా విన్నది.

"నేను మానమనను. కానీ నూనె ఆయనా మానడు, నువ్వూ మానవు. రెండూ కలిస్తే నాకు నువ్వు మిగలవు. పోయిన మనిషిని మార్చలేం కదా, నువ్వే మారు. ఆముదమే పోద్దాం. ఆయన ఇంకాస్త పోసినా పొగ ఎక్కువవుతుంది, అంతే కదా."

గౌరీశంకర్ చాలాసేపు సైలెన్సరును గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు. చివరికి, ముసలాడికి తనకన్నా కోడలే నచ్చినట్టుందని గొణిగాడు. లేచి చొక్కా తొడుక్కుని, జిగురు తీసిన ఆముదం దొరుకుతుందేమో చూడ్డానికి జుగ్‌సలాయి బజారుకు వెళ్లాడు.

పోటీ రోజున బండిని ట్రాలీ ఆటోలో ఎక్కించారు. జోగమ్మ ఉతికిన చీర కట్టుకుని, ఎవరూ పిలవకుండానే వచ్చి ముందు సీట్లో కూర్చుంది. కార్ఖానా ఆవరణలో పగిలిన పెంకుల షెడ్డులు, వాటి చుట్టూ తారు దారి. పోటీ నడిపించే బలరామ్ జెండా ఊపాడు. బళ్లన్నీ ఒక్కసారే చీల్చుకుంటూ వెళ్లాయి. వాటి వెనక ఆముదం పొగ మెల్లగా విచ్చుకుని, చూసే వాళ్లందరి మీదుగా పాకింది. ఎవరో ముక్కు ఎగబీల్చి, ఏ కైసీ ఖుష్బూ హై అని అడిగారు.

రోహిణి ఇనపకంచె పట్టుకుని చెవులతోనే చూసింది. బండి షెడ్డుల వెనక్కి వెళ్లినప్పుడల్లా కంటికి కనపడదు, శబ్దం మాత్రమే వస్తుంది. ఆ గొంతు బిగుసుకుంటుందేమోనని ప్రతి మలుపులోనూ ఊపిరి బిగపట్టింది. బిగుసుకోలేదు. చుట్టు చుట్టుకూ ఇంకా సాఫీగా, నూనె పట్టించిన జడలా జారిపోయింది. ఒక మలుపులో మాత్రం బండి మరీ ఒరిగింది. ఒక్క మనిషి బరువుకు ఒరిగేంత కాదు. కళ్లు నులుముకుని చూసేసరికి నిటారుగా లేచి దూసుకుపోయింది.

గెలవలేదు. మధ్యలో ఎక్కడో వచ్చాడు. హెల్మెట్టు లోపల నుంచే నవ్వుతూ వచ్చి, కంచె పక్కన ఆపి, సైడు స్టాండు వేసి దిగాడు. దిగి తాళం తిప్పాడు. ఇంజను ఆగలేదు.

మళ్లీ తిప్పాడు. తాళంచెవి ఊడదీసి అరచేతిలో పెట్టుకున్నాడు. ఇంజను నెమ్మదిగా, తీరిగ్గా కొట్టుకుంటూనే ఉంది. లోపల మసి ఎర్రగా కాలి, దానికే పెట్రోలు అంటుకుంటూ ఉంటుందనీ, రెండు స్ట్రోకుల బళ్లలో ఇది మామూలేననీ పైకే చెప్పాడు, ఎవరూ అడక్కుండానే. అది నిజమే కావచ్చు. కానీ రోహిణి చూస్తున్నది ఇంజనును కాదు. మనిషి దిగాక పైకి లేవాల్సిన వెనక స్ప్రింగులు లేవలేదు. సీటు మధ్యలో రెక్సిను లోతుగా దిగబడే ఉంది.

గాలి అందకుండా చేస్తే ఆగుతుందని, గౌరీశంకర్ కార్బురేటర్ మూతిని అరచేత్తో మూయబోయాడు. జోగమ్మ అతని మణికట్టు పట్టుకుంది.

"ఉండ్రా. ఆయన్ని దిగనీ" అంది.

ముగ్గురూ నిలబడ్డారు. ఇంజను ఇంకాసేపు కొట్టుకుని, చిన్నగా నిట్టూర్చి ఆగిపోయింది. స్ప్రింగులు మెల్లగా పైకి లేచాయి. సీటు మీది గుంట అంచుల నుంచి నిండుకుంటూ వచ్చి చదునైంది.

గౌరీశంకర్ తనకు తెలియకుండానే ఒక అడుగు పక్కకు జరిగాడు, ఎవరికో దారి ఇస్తున్నట్టు.