ఉప్పు వేయని పీత సలాడ్

దర్జీ భార్య పోయి నాలుగు నెలలైంది. రేవు పక్క హోటల్లో ఆమె ఇరవై ఏళ్లు పీతలు ఒలిచింది. ఉడికిన మాంసాన్ని నల్ల పళ్లెంలో పరిచి, పెంకు ముక్క మిగలకుండా వేళ్లతో తడిమి, దోసకాయ ముక్కలూ నిమ్మరసమూ కలిపేది. రోజూ సాయంత్రం ఆ సలాడ్ ఒక డబ్బాలో ఇంటికి తెచ్చేది. ఆయన రోజూ తినేవాడు, రోజూ సణిగేవాడు.

"ఇంత చప్పగా చేస్తే ఆ హోటలుకి ఎవడొస్తాడే?"

ఆవిడ నవ్వుతూ డబ్బా కడిగి పెట్టేది.

ఇప్పుడు ఆయనకి ఆ చప్పిడి సలాడే కావాలి. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, ఊళ్లో హోటళ్లన్నీ తిరిగినా ముద్ద దిగలేదు. ఒకచోట పంటికింద పెంకు, ఇంకోచోట దోసకాయల్లో పీతని వెతుక్కోవాలి. ఆమె పనిచేసిన చోటికి మాత్రం కాళ్లు రాలేదు. చివరికి ఒక మధ్యాహ్నం కత్తెర పక్కన పడేసి బయల్దేరాడు.

"రండి బావగారూ, ఇన్నాళ్లకా!" అంటూ వంటవాడు పళ్లెం తెచ్చిపెట్టాడు.

అదే తరుగు, అదే నిమ్మ. కానీ అది కాదు.

"ఉప్పెక్కువేశావయ్యా."

"ఇప్పుడే సరిపోయింది బావగారూ. అక్క ఉన్నన్నాళ్లూ చిటికెడు వెయ్యనిస్తే ఒట్టు! 'మా ఆయనకి బీపీ, ఇందులోంచే డబ్బా కట్టాలి' అనేది. ఉప్పు వెయ్యకముందే మీది పక్కకి తీద్దాం అంటే, 'హడావుడిలో ఏ రోజైనా మర్చిపోతే?' అని కసిరేది. అందుకే బల్లబల్లకీ ఉప్పు సీసాలు పెట్టాం."

దర్జీ చుట్టూ చూశాడు. ప్రతి బల్ల మీదా సీసా ఉంది. తన ఒక్కడి కోసం ఇరవై ఏళ్లు ఇంతమంది చప్పిడి తిన్నారు. తెలియనిది తనకే. ముందున్న పళ్లెం పక్కకి జరిపాడు.

"ఉప్పు లేకుండా ఒక పళ్లెం కలిపి పెడతావా?"

వంటవాడు కలిపి తెచ్చాడు. అదే, అచ్చం అదే. ఆయన ఒక్క ముక్క వదలకుండా తిన్నాడు.

"ఇంటికో డబ్బా కట్టమంటారా, బావగారూ?"

దర్జీ చెయ్యి కడుక్కున్నాడు.

"వద్దయ్యా. చప్పగా ఉందని అక్కడ ఎవరితో అనాలి?"