పరేషాన్ కావద్దన్నరు

ఆ పొద్దు సూర్యుడు పొడిచాడో లేదో ఎవరికీ తెలియలేదు. గాలి కదలక పాశమైలారం ఫ్యాక్టరీ గొట్టాల పొగ పైకి పోలేదు, మబ్బేమో కిందికి దిగింది. రెండూ కలిసి యూనివర్సిటీ మేడల నెత్తిన తడిసిన గొంగడిలా పడి ఉన్నాయి. వాన పడేదీ కాదు, తేటపడేదీ కాదు.

అటువంటి పొద్దున హాస్టలు గేటు దగ్గర ఏడుపు లేచింది.

కనకమహాలక్ష్మి అప్పుడే తన గది తాళం తీస్తోంది. విద్యార్థుల మనసు బాగోగులు చూసే విభాగానికి ఆమె పెద్ద. పెద్ద అంటే కింద పెద్ద బలగమేమీ లేదు. నరసరాజు అనే కుర్ర కౌన్సిలరు, వారానికోసారి పట్నం నుంచి వచ్చే డాక్టరు, అంతే. మొదట్లో ఆ గది రిజిస్ట్రారు ఆఫీసు పక్కన ఉండేది. తప్పు చేసినవాళ్లను నిలబెట్టే వరండా దాటుకుని ఏ పిల్లవాడు వస్తాడు? పోట్లాడి పోట్లాడి దాన్ని మెస్సు వెనక్కి మార్పించింది. ఇప్పుడు అటు నడిచేవాడు అన్నానికి పోతున్నాడో ఆమె దగ్గరికి పోతున్నాడో ఎవరూ పోల్చుకోలేరు.

ఆ ఏడుపు దెబ్బ తగిలిన ఏడుపు కాదు. రాగం తీసిన ఏడుపు. పోయినవాళ్ల గుణాలు ఒక్కొక్కటే ఎత్తి పాడే ఏడుపు.

"నా కొడుకో సిన్నరాములో... పుస్తకాల సంచి ఏస్కొని పోతివి కొడకో... కడుపుకింత తిన్నవో లేదో కొడకో..."

తాళంచెవి ఆమె చేతిలోనే ఆగిపోయింది. చిన్నరాములు చావలేదు. నిన్న మాపటికి ఆమె అతని గదిలోనే కూర్చుని వచ్చింది.

చిన్నరాములు ఇంజనీరింగు రెండో ఏడు. దసరా సెలవుల నుంచి వచ్చినవాడు క్లాసుకు పోలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. పక్క మంచం పిల్లవాడు తెచ్చిపెట్టిన పళ్లెం పెట్టింది పెట్టినట్టే వెనక్కి పోయేది. ఆమె రోజూ పోయి మంచం దగ్గర కూర్చునేది. మెల్లగా నోరు విప్పాడు. డాక్టరు చూసి మందు మొదలుపెట్టాడు. నిన్న తనంతట తనే తల్లిని చూడాలని అడిగాడు: "మా అవ్వను పిలిపియ్యుండ్రి మేడం."

ఆమె నరసరాజును ఫోన్ చేయమంది. ఏమని చెప్పాలో కూడా ఆమే నేర్పింది. "పెద్దావిడ, బెదరగొట్టొద్దు. కొంచెం ఒంట్లో బాగోలేదు, కంగారు పడకుండా ఒకసారి వచ్చి వెళ్లండి, అనండి చాలు."

వాళ్ల ఊళ్లో ఫోనంటే కిరాణా కొట్టు పక్కనున్న ఎస్టీడీ బూతు ఒక్కటే. ఆ మాట బూతులోంచి బజారుకు, బజారులోంచి వాడకు నడిచింది.

ఆమె గేటు చేరేసరికి డీసీఎం బండి ఆగి ఉంది. వెనక తొట్టి నిండా మనుషులు. మగవాళ్లు తలపాగాలు విప్పి భుజాన వేసుకున్నారు. కాపలా నర్సన్న గేటు సగం మూసి, మూయాలో తెరవాలో తెలియక పట్టుకుని నిలబడ్డాడు. నేలమీద కూలబడి ఏడుస్తున్నది తల్లి మొగులమ్మ. ఒక పొడుగాటి ముసలాయన చంకలో మూటతో ముందుకు వచ్చాడు. పిల్లవాడికి పెదనాయిన, పెద్దరాములు.

"మేడం, పిల్లగాన్ని ఏ దవాఖానల పెట్టిండ్రు? మాకు అప్పజెప్తరా, కోసుడు గిట్ల ఉంటదా?"

"ఎవరు చెప్పారండీ పోయాడని?"

"ఎవలు జెప్పాలె? మీరే ఫోన్ జేస్తిరి గద. జెర సుస్తైంది, పరేషాన్ కావద్దు, ఒకపారి వచ్చిపోండ్రి అన్నరు. గట్లంటే ఏందో మాకెర్కలేదా? మా తమ్ముడు, గీ పిల్లగాని అయ్య, లారీ కిందవడ్డనాడు గూడ గిదే మాట. పోయినోన్ని పోయిండని ఫోన్ల ఎవలు జెప్తరు?"

కనకమహాలక్ష్మికి చప్పున తన ఇల్లు గుర్తొచ్చింది. కాకినాడ వైపు నుంచి వచ్చి ఇక్కడి సర్కారు ఫ్యాక్టరీలో చేరినవాడు వాళ్ల నాన్న. ఆయన పోయిన మధ్యాహ్నం క్వార్టరు ముందు జీపు ఆగింది. కొద్దిగా దెబ్బ తగిలింది, కంగారు పడకండి అన్నాడు వచ్చినతను. ఆ మాటకే వాళ్లమ్మ గోడకు చేరగిలబడిపోయింది. ఇంత తెలిసీ ఆ మాటలే ఎత్తుకొచ్చి ఒక కుర్రవాడి నోట్లో పెట్టింది తను.

"మీ వాడు బతికే ఉన్నాడు!" గట్టిగా అంది.

ఏడుపు ఆగలేదు. "గట్లనే అంటరు తల్లీ," అంది గుంపులోంచి ఒకావిడ, జాలిగా.

అప్పుడు పైఅంతస్తు పిట్టగోడ మీంచి సన్నటి గొంతు వచ్చింది. "అవ్వా!"

మొగులమ్మ రాగం మధ్యలో తెగింది.

ఎన్నాళ్లుగానో గది దాటనివాడు మెట్లు దిగి వచ్చాడు. కాళ్లకు చెప్పుల్లేవు, మాసిన గడ్డం. తల్లి లేచి చెంపమీద ఒకటి కొట్టింది. రెండోది కొట్టబోయి ఆ చేత్తోనే తల దగ్గరికి లాక్కుని వాసన చూసింది.

"ఓరి నీ అయ్య! సచ్చినవని సగం ఊరు పని ఇడిసిపెట్టి వస్తిమి గదరా," అన్నాడు పెద్దరాములు. "ఇప్పుడు ఊర్లె ఏం మొకం వెట్టుకొని జెప్పాలె?"

"బతికిండని జెప్పు మామా, దానికి మొకమెందుకు!" అన్నారెవరో బండిలోంచి.

"చంకల గదేంది పెదనాయినా?"

"ఏం లేదు. నువ్వు నడువు." ముసలాయన మూటను తువ్వాలు కిందికి తోసి, నర్సన్న దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "ఏమే, దుకాణపోడు దీన్ని వాపస్ తీస్కుంటడా?"

"తెల్లబట్ట ఎవడు వాపస్ తీస్కుంటడే? పెట్టెల దాసుకో. నీకు అక్కెరకొస్తది," అన్నాడు నర్సన్న.

నవ్వొచ్చినవాళ్లు నవ్వారు. అంతలో రిజిస్ట్రారు గది నుంచి కనకమహాలక్ష్మికి, నరసరాజుకు, తల్లీకొడుకులకు, పెద్దరాములుకు పిలుపు వచ్చింది.

రిజిస్ట్రారు రామలింగేశ్వరరావు చెడ్డవాడు కాదు, భయస్తుడు. బల్లమీద కాగితం అప్పటికే టైపు కొట్టించి పెట్టాడు, పిల్లవాణ్ణి చదువు మాన్పించి ఇంటికి తీసుకుపోతున్నామని. పక్కన సిరా దిండు.

"గేటు దగ్గర చావు ఏడుపులేమిటండీ కనకమహాలక్ష్మి గారూ? రేపు పేపర్లో వస్తుంది. ఆ ఫోన్ చేసిందెవరు?"

నరసరాజు నోరు తెరవబోయాడు.

"నేను," అందామె. "మాటలు నావి, తప్పూ నాదే."

"సరే, అయిందేదో అయింది. ఇవాళే పంపించేద్దాం. బాగయ్యాక వచ్చే ఏడు చూద్దాం."

"తోల్కపోత సారూ. పానంతోని ఉన్నడు, గంతే సాలు. ఏలు ఏడ వెట్టాలె?" మొగులమ్మ అప్పటికే బొటనవేలు చాపింది.

కనకమహాలక్ష్మి సిరా దిండును తనవైపుకు జరుపుకుంది. "ఒక్క మాట విన్నాక పెడుదువుగానీ అమ్మా." పిల్లవాడివైపు తిరిగింది. "నువ్వు నాతో చెప్పింది నేను ఎవరికీ చెప్పను. మీ అమ్మకు చెప్పాలనుంటే నువ్వే చెప్పు. లేదంటే వద్దు."

గదిలో ఫ్యాను కిర్రుమంటోంది. చిన్నరాములు తల్లివైపు తిరిగాడు.

"పొద్దు లేస్తే బతకబుద్ధి అయితలేదవ్వా. ఎందుకో నాకెర్కలేదు. ఎవలు ఏమనలేదు."

మొగులమ్మ చాపిన వేలు గాలిలో అలాగే ఉండిపోయింది.

ఈసారి కనకమహాలక్ష్మి మాటకు మెత్తదనం అద్దలేదు. "ఇది రోగమమ్మా. నయమవుతుంది. కాకపోతే తొందరగా కాదు. మందు కావాలి, పక్కన మనిషి కావాలి. ఇంటికి తీసుకుపోతే పగలు వాడి దగ్గర ఎవరుంటారు?"

"ఎవలుంటరు? నేను కలుపుకు పోత. ఈళ్లంత పనులకు పోతరు." అని, అన్నాక ఆ మాట తనకే తగిలి ఆగింది.

"ఇక్కడైతే నేనుంటాను, నరసరాజు ఉంటాడు. గదిలో రాత్రి తోడు పిల్లలుంటారు. డాక్టరు వస్తాడు. నువ్వూ ఉండు. గెస్టుహౌసులో గది ఇప్పిస్తారు సారు."

"నేనెప్పుడన్నాను?" అన్నాడు రామలింగేశ్వరరావు. "రేపు ఏదైనా జరిగితే జవాబెవరు చెబుతారు?"

"పంపేస్తే జరగదని మీరు చెప్పగలరా సార్? గేటు అవతల జరిగితే మనల్ని అడగరు, అంతేగా."

ఆయన కళ్లజోడు తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఇంకొకటి. నోరు తెరిచి చెప్పుకున్నందుకు వీణ్ణి ఇంటికి పంపితే, రేపటి నుంచి నా గది గుమ్మం ఎవడూ తొక్కడు. అప్పుడు ఆ గది ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే." పొద్దున్నుంచి పిడికిట్లోనే ఉన్న తాళంచెవిని కాగితం మీద పెట్టింది. "కాగితమైనా తీయండి, తాళంచెవైనా తీసుకోండి."

కిటికీ చువ్వల్లోంచి ఊరు ఊరంతా చూస్తోంది. రిజిస్ట్రారు తాళంచెవిని చూశాడు, కిటికీని చూశాడు, పిల్లవాణ్ణి చూశాడు.

"నువ్వేమంటావోయ్?"

"ఈడ్నే ఉంట సార్. అవ్వ నాలుగు దినాలుంటే మంచిగుంటది."

"ఉండనియ్యి మొగులమ్మా," అన్నాడు పెద్దరాములు. "మందు నడిచెటోన్ని నడిమిట్ల గుంజుకపోవద్దు."

మొగులమ్మ వేలు వెనక్కి తీసుకుంది. అంటని సిరాను కొంగుకు తుడుచుకుంది.

"సరే, ఒక నెల చూద్దాం," అన్నాడాయన.

"నెల కాదు సార్. డాక్టరు చెప్పేదాకా."

ఆయన కాగితాన్ని చింపలేదు. సొరుగులో పెట్టి మూశాడు. "గెస్టుహౌసుకు కబురు పెట్టండి," అన్నాడు, ఎవరినీ చూడకుండా. ఆమె తాళంచెవి తీసుకుంది.

వరండాలో నరసరాజు చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. "మేడం, నా వల్లే..."

"కాదు. విను. ఇకమీదట ఇంటికి ఫోన్ చేస్తే ముందు పిల్లవాడి గొంతు వినిపించాలి, తర్వాతే మన గొంతు. వాడు మాట్లాడలేకపోతే మనమే ఊరికి పోవాలి. బస్సు లేకపోతే నడిచిపోవాలి. మెత్తటి మాటలు మాత్రం వద్దు."

అప్పటికి మధ్యాహ్నమైంది. కబురు అందింది నిన్న మాపున కాబట్టి ఆ బండిలో వచ్చినవాళ్ల ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు. ఆమె మెస్సులోకి పోయి చెప్పింది. అన్నం, పప్పు, మామిడికాయ తొక్కు. బల్లలున్నా వాళ్లు బల్లల దగ్గరికి పోలేదు. నేలమీద వరసగా కూర్చున్నారు. అది చూసి ఇద్దరు ముగ్గురు హాస్టలు పిల్లలు పళ్లేలు పట్టుకుని వచ్చి వరసలో కలిశారు. పెద్దరాములు మూటను పీటలా వేసుకుని దానిమీదే కూర్చున్నాడు. కనకమహాలక్ష్మి వరస చివర కూర్చుంది.

మొగులమ్మ కొడుకు పళ్లెంలో అన్నం కలపలేదు. తినమని అనలేదు. తన పళ్లెంలోది కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకుంది. చిన్నరాములు తల్లి చేతినే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత పప్పు అన్నం మీదికి లాక్కున్నాడు. ఒక ముద్ద మింగడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ అతనివైపు చూడలేదు. స్టీలు పళ్లేల మీద వేళ్ల చప్పుడు వినిపిస్తోంది.

అతను రెండో ముద్ద కలిపాడు.