ఒక గాడి అవతల

జాకీ మీద లేచిన కారు కిందకి, అతను విప్పిన చక్రాన్ని పడుకోబెట్టి తోశాడు. తర్వాత లేచి, బానెట్ అంచు పట్టుకుని కారును ఊపి చూశాడు. జాకీ జారినా కారు చక్రం మీద కూర్చుంటుంది గాని మనిషి మీద కూర్చోదు. ఈ జాగ్రత్త అతనికి ఎవరూ నేర్పలేదు. ముప్ఫై ఏళ్ళుగా నీళ్ళ పంపుహౌసులో వాల్వులు తిప్పుతూ బతికినవాడు. బరువున్న ప్రతి వస్తువూ ఎప్పుడో ఒకప్పుడు పడుతుందని అతని నమ్మకం.

పంపుహౌసులో అందరూ అతన్ని పావుచుట్టు అంటారు. వాల్వు పూర్తిగా తెరిచాక పావు చుట్టు వెనక్కి తిప్పి వదులుతాడు, లేకపోతే అది బిగుసుకుపోతుందని. ఆ అలవాటు మనిషికి కూడా పట్టుకుందని తోటివాళ్ళ వేళాకోళం. నవ్వొస్తే పావు తగ్గించి నవ్వుతాడు, కోపమొస్తే పావు మింగేస్తాడు. ఇక మాటలైతే ముప్పావు వంతు కడుపులోనే ఉండిపోతాయి.

ఆ రోజు ఆదివారం. మధ్యాహ్నం మూడింటికి అతని భార్య ఈ కారు నడుపుకుంటూ రెండు వందల కిలోమీటర్ల అవతలి ఊరికి వెళ్ళాలి. మర్నాడు పొద్దున్న పదింటికల్లా అక్కడి నర్సింగు కాలేజీ ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేరాలి. చేరకపోతే జాబితాలో తర్వాతి పేరుకు కబురు పంపుతామని ఆర్డరులోనే రాశారు. ఆమెకు యాభై ఒకటి. పుట్టి బుద్ధెరిగాక ఉద్యోగమంటూ చేయబోవడం ఇదే మొదలు. ముప్ఫై మందిలో ఆమెనే ఎంచుకోవడానికి కారణం కూడా పెద్దదేం కాదు. ఆమెకు కారు నడపడం వచ్చు, చేతిలో కారుంది. వేళగాని వేళలో ఏ పిల్లకైనా జ్వరమొస్తే వెనక సీట్లో పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకుపోగలదు. నడపడం నేర్పిందెవరయ్యా అంటే ఈ మహానుభావుడే. పదేళ్ళ కిందట, పంపుహౌసు వెనక ఖాళీ స్థలంలో, ఆరు ఆదివారాలు పక్కన కూర్చుని మరీ నేర్పాడు. చేసుకున్నవారికి చేసుకున్నంత.

ఆర్డరు వచ్చిన రోజు ఆమె అడిగింది, "వెళ్ళమంటారా?"

"నీ ఇష్టం," అన్నాడు.

మొగుడి నోట 'నీ ఇష్టం' అన్న మాటకు వంద అర్థాలుంటాయి. వాటిలో 'వెళ్ళు' అన్నది మాత్రం ఉండదు. ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన మనిషికి అది తెలియదా? తెలుసు. అయినా ఆమె ఆ మాటను ఉన్నదున్నట్టు తీసుకుని, మర్నాడే అటక మీంచి పెట్టె దించింది.

అతనికి ఆమె వెళ్ళడం ఇష్టం లేదు. ఇంకా నాలుగేళ్ళ సర్వీసుంది కాబట్టి వెంట వెళ్ళడానికి వీల్లేదు. పిల్లాజెల్లా లేని ఇల్లు. ఉన్నది ఇద్దరు, అందులో ఒకరు వెళ్తే మిగిలేదెంతో లెక్క కట్టడానికి చదువక్కర్లేదు.

కారు బెల్టు అరిగిందని వారం నుంచి దాని కీచుమోత వల్ల తెలుస్తూనే ఉంది. ఇంజను పక్కన పాములా మెలికలు తిరుగుతూ పుల్లీలన్నిటినీ ఒక్కటే తిప్పే నల్లటి బెల్టు అది. లోపలివైపు పొడుగునా సన్నటి గట్లు ఆరు ఉంటాయి, అవి పుల్లీ మీద ఉన్న ఆరు గాడుల్లో కూర్చోవాలి. అది తెగిందంటే బ్యాటరీకి ఛార్జీ ఉండదు, ఇంజను చుట్టూ నీళ్ళు తిరగవు, స్టీరింగు రాయిలా బిగుస్తుంది. కొత్త బెల్టు గురువారమే తెచ్చాడు. గురువారం వెయ్యలేదు. శుక్రవారం, శనివారం కూడా వెయ్యలేదు. తీరిక లేకనా అంటే, బోలెడంత తీరిక.

"ఏమయ్యా, బెల్టేనా?" పక్కింటి డ్రిల్లు మాస్టారు ప్రహరీ గోడ మీద గడ్డం ఆనించి అడిగాడు. రిటైరై ఆరేళ్ళయినా ఆయన గొంతు ఇంకా మైదానం అవతలివాడితో మాట్లాడుతున్నట్టే ఉంటుంది.

"బెల్టేనండీ."

"మెకానిక్కుకి ఇవ్వకపోయావా? కోతిపుండు బ్రహ్మరాక్షసి అవుతుంది చూడు."

"ఎంత పనండీ, అయిపోతుంది."

మాస్టారు గొంతు తగ్గించాడు. ఆయన తగ్గించినా వంటింట్లోకి వినపడుతుంది. "అమ్మాయి నిజంగానే వెళ్తోందా? మరి నీ తిండీ తిప్పలూ? వద్దని ఒక్క మాట అనలేకపోయావా?"

అతను స్పానరు వెతుక్కోవడంలో పడ్డాడు. అది అతని మోకాలి దగ్గరే ఉంది.

కొత్త బెల్టు చుట్టిన అట్టముక్క వెనక, పాత బెల్టు ఏ పుల్లీ మీంచి ఏ పుల్లీకి పోతోందో పెన్సిలుతో గీసుకున్నాడు. బెల్టును బిగపట్టి ఉంచే స్ప్రింగు పుల్లీకి పొడుగాటి స్పానరు తగిలించి, ఒళ్ళు బరువంతా వేసి లాగాడు. బెల్టు వదులైంది. పైనున్న పుల్లీ మీంచి దాన్ని జార్చి బయటికి తీశాడు. గట్ల మీద అడ్డంగా పగుళ్ళు, ఎండిన మడమల్లా. పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన వేలాడదీసి పొడుగు సరిపోయిందని చూసుకున్నాడు. ఆ తర్వాత వెల్లకిలా పడుకుని, నీడలో కంటికి కనపడని అట్టడుగు పుల్లీకి కొత్తదాన్ని చేత్తోనే తడిమి తగిలించాడు. చేతులు వాటంతటవే పని చేసుకుపోయాయి. పన్నెండున్నరకు చక్రం బిగించి లేచాడు.

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని భోంచేశారు. బియ్యం డబ్బా ఎక్కడుందో, ఇస్త్రీ బట్టలు ఎవరు తెస్తారో ఆమె చెప్పింది. అతను ఊఁ కొట్టాడు. మూడింటికి పరుపు చుట్ట, కుట్టుమిషను, పెట్టె కార్లోకి ఎక్కాయి. ఆమె సీట్లో కూర్చుని ఇంజను ఆన్ చేసింది.

"అమ్మయ్య, కీచుమనడం పోయిందండీ!" అంది కిటికీలోంచి.

అతను బానెట్ మూయబోతూ ఆగాడు. ముప్ఫై ఏళ్ళు పంపుల మోత వింటూ బతికిన చెవులు. అడుగున ఎక్కడో టిక్కు టిక్కుమని చిన్న చప్పుడు. ఆమెకు సైగ చేసి ఇంజను ఆపించి, టార్చి వేసి వంగి చూశాడు. అట్టడుగు పుల్లీ మీద బెల్టు ఒక గాడి అవతలికి ఉంది. అయిదు గట్లే గాడుల్లో ఉన్నాయి, ఆరోది గాల్లో వేలాడుతోంది.

ఎందుకైందో వెంటనే తెలిసింది. పంపుహౌసులో రెండో నంబరు పంపుకు పుల్లీ లోపలి గాడి విరిగి పద్దెనిమిదేళ్ళు. కొత్త పుల్లీ కావాలని రాసిన కాగితం ఎక్కడ మురుగుతోందో భగవంతుడికే తెలియాలి. అప్పట్నుంచీ ఆ పంపుకు బెల్టులు ఒక గాడి అవతలికే వేస్తున్నారు. పద్దెనిమిదేళ్ళుగా అతని చేతులు అలాగే వేశాయి. ఇక్కడా అలాగే వేశాయి.

ఇలాగైనా నడుస్తుంది. వంద కిలోమీటర్లు నడుస్తుందో, నూటయాభై నడుస్తుందో. ఆ తర్వాత అంచు గట్టు పీచులు లేచి, మొత్తం బెల్టే తెగుతుంది. దారి మధ్యలో కారు ఆగుతుంది. ఆమె ఫోను చేస్తుంది. తను బస్సెక్కి వెళ్ళేసరికి, ఆదివారం మూసిన కొట్లు తెరిచి బెల్టు దొరికేసరికి, మర్నాడు పది ఎప్పుడో దాటిపోతుంది. తర్వాతి పేరుకు కబురు వెళ్తుంది. బెల్టన్నాక తెగుతుంది, ఎవరేమంటారు? ఇద్దరూ ఇంటికొచ్చేస్తారు.

ఆ ఆలోచన అతనికి ఎంతో బాగుంది. అంత బాగున్నందుకే భయమేసింది. చెయ్యి అలవాటుగా వేసిందా, మనసు వేయించిందా అని తనను తాను ప్రశ్నించుకున్నాడు. వెనక సీట్లో పరుపు చుట్ట పడుకుని ఉంది, ఒక మనిషంత పొడుగున.

"దిగు," అన్నాడు.

"ఏమైంది?"

"తప్పు వేశాను."

"ఇప్పుడా చెప్పేది? చీకటి పడేలోపు చేరాలి కదండీ!"

"గంట పడుతుంది. దిగు."

మళ్ళీ జాకీ, మళ్ళీ చక్రం, మళ్ళీ పై పుల్లీ మీంచి బెల్టును జార్చడం. ఈసారి ఆమె చీర కుచ్చిళ్ళు దోపుకుని, చదువుకునే కళ్ళజోడు పెట్టుకుని, పక్కన గొంతుక్కూర్చుని టార్చి పట్టింది. అతను అట్టడుగు పుల్లీ మీద బెల్టును సరిచేస్తుంటే, ఆమె బొటనవేలితో ఒక్కొక్క గట్టే తడిమి లెక్కపెట్టింది. "నాలుగు, అయిదు, ఆరు. ఆరూ లోపలే ఉన్నాయి." జారుతున్న కళ్ళజోడును అదే వేలితో పైకి తోసుకుంది. "ఇందాక చూసుకోలేదా మీరు?"

"లేదు. చూడాలనిపించలేదేమో."

ఆమె టార్చి ఆర్పేసి ప్రహరీ గోడ మీద పెట్టింది.

లేచి నిలబడి, అతను స్ప్రింగు పుల్లీకి స్పానరు తగిలించి రెండు చేతులా లాగిపట్టాడు. పొద్దున్న ఒక్కడే చేసిన పని. ఇప్పుడు చేతుల్లో సత్తువ అయిపోయింది, ఒకటి వదిలితే రెండోది ఆగదు.

"వద్దనాలనుంటే నోటితో అనాల్సింది," అంది ఆమె, ఇంజను వైపే చూస్తూ.

"వెళ్ళొద్దు," అన్నాడు. పావు కూడా మిగుల్చుకోకుండా అన్నాడు. "నువ్వు లేకపోతే నాకు బాగుండదు. చాలా రోజుల నుంచి చెప్పాలనే ఉంది."

ఆమె కళ్ళు నిండాయి. స్ప్రింగు బరువుకు అతని మెడ నరాలు తేలాయి.

"చెప్పాను కదా," అన్నాడు పళ్ళ బిగువున. "ఇంక ఎక్కించు. ఎంతసేపు పట్టుకోను?"

ఆమె రెండు చేతులతో బెల్టును పై పుల్లీ మీదికి ఎక్కించింది. సరిగ్గా కూర్చుందా లేదా అని వేలితో అంచంతా తడిమి చూసింది. అప్పుడు తలూపింది. అతను స్పానరు మెల్లగా వదిలాడు. బెల్టు బిగిసింది.

ఆమె కళ్ళజోడు తీసి, చీర కొంగుతో మొహం తుడుచుకుని, చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళింది. వచ్చేసరికి అతను చక్రం బిగించి గేటు తీసి నిలబడ్డాడు.

"నెలకోసారి వస్తాను," అంది.

"చేరగానే ఫోను చెయ్యి."

"సరే. పొయ్యి ఆర్పడం మర్చిపోకండి."

కారు ఏ చప్పుడూ లేకుండా వీధి చివరిదాకా వెళ్ళి మలుపు తిరిగింది. అతను గేటు వేసి, స్పానర్లు ఏరి పెట్టెలో సర్దాడు. టార్చి కోసం ప్రహరీ గోడ దగ్గరకు వెళ్ళాడు. దాని పక్కనే ఆమె చదువుకునే కళ్ళజోడు మడవకుండా బోర్లించి ఉంది. రేపు పదింటికి సంతకం పెట్టడానికి కావలసింది. కుడి అద్దం మీద మసి అంటిన ఆమె బొటనవేలి ముద్ర, గీతలన్నీ తేటగా కనపడుతూ.